ఏకాకి భయమూ, తోడులోని నిబ్బరమూ

బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలో నాలుగవది పురుషవిధ బ్రాహ్మణం. సృష్టికి ముందు ఒక్కడే ఉన్న ఆదిపురుషుడు, అంటే ప్రజాపతి, నలువైపులా పరికించి తాను తప్ప మరొకరు లేరని తెలుసుకోవడంతో అందులోని కథనం మొదలవుతుంది. అతనికి మొదట కలిగింది భయం. ఒంటరిగా ఉన్నవాడు నేటికీ భయపడేది అందుకేనని ఉపనిషత్తు అక్కడే చెబుతుంది. తాను తప్ప వేరొకటి లేనప్పుడు దేనికి భయపడాలని అతడు తర్కించుకొనేసరికి ఆ భయం తొలగిపోయింది. భయం పుట్టేది రెండవదాని వల్లనే కదా అన్నది అక్కడి యుక్తి. అయితే కథ అంతటితో ఆగలేదు. భయం పోయినా అతనికి సంతోషం కలగలేదని, ఒంటరివాడికి సంతోషం ఉండదు గనుక అతడు రెండవ వ్యక్తిని కోరుకొన్నాడని ఉపనిషత్తు వెంటనే చెబుతుంది. యాజ్ఞవల్క్యుడు చెప్పినదిగా ఒక ఉపమానం కూడా ఈ సందర్భంలోనే వస్తుంది: మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు విడిపోయిన పప్పుగింజలో ఒక బద్ద వంటివాడు, రెండో బద్ద ఉండవలసిన చోటు అతని పక్కన ఖాళీగా ఉంటుంది.

రెండవది ఉంటే భయం, రెండవది లేకపోతే ఆనందం లేదు. ఈ రెండు నిర్ణయాలనూ ఇంత దగ్గర దగ్గరగా నిలబెట్టిన గ్రంథం వాటి మధ్య విరోధాన్ని గమనించలేదనుకోవడం పొరపాటు. మనిషి ఆరోగ్యానికీ, మనసు నిలకడకూ, తన మీద తనకు ఉండే నమ్మకానికీ తోటివారితో సంబంధం ఎంతవరకు ఆధారం అన్న ప్రశ్నకు భారతీయ చింతనలో మూలం ఇక్కడే ఉంది. ఆత్మ స్వతః పూర్ణమని చెప్పే శాస్త్రం మనిషికి తోడు అవసరమని ఎలా చెప్పగలదు? తోడు అవసరమే అయితే ఆ పూర్ణత్వం మాటేమిటి?

శంకరాచార్యులు తన భాష్యంలో ఈ చిక్కును ఒక విధంగా పరిష్కరించారు. భయమూ, అరతీ (అంటే దేనిలోనూ మనసు నిలవక, దేనినీ ఆస్వాదించలేని స్థితి) కలిగాయి గనుక ప్రజాపతి పదవి ఎంత గొప్పదైనా అది సంసారంలోనిదేనని, ఆ విషయంలో ప్రజాపతి మనవంటివాడేనని ఆయన తేల్చారు. తత్త్వదృష్టితో చూస్తే ఈ వ్యాఖ్యకు వంక పెట్టడానికి లేదు. కాని కథనాన్ని ఉన్నదున్నట్టుగా చదివితే భాష్యం అంతగా పట్టించుకోని మరో విశేషం కనిపిస్తుంది. ప్రజాపతి భయం ఆలోచనతో పోయింది. అరతి మాత్రం ఆలోచనతో పోలేదు, దానికి ఒక మనిషి రావలసివచ్చింది. భయపడుతున్నవాడికి యుక్తి చెప్పి భయం పోగొట్టవచ్చు. దిగులుపడి కూర్చున్నవాడికి నీకు దిగులు పడవలసిన కారణమేదీ లేదని ఎంత రుజువు చేసినా లేచి అన్నం తినడు. ఈ తేడా తెలియడానికి వేదాంతం చదవనక్కరలేదు, ఏ పల్లెటూరి పెద్దమ్మకైనా ఇది తెలిసినదే.

భయం రెండవదాని వల్ల పుడుతుందన్న మాటకు తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మానందవల్లి మరింత సూక్ష్మమైన రూపం ఇచ్చింది. ఎవడు ఆ పరతత్త్వంలో ఏ కొంచెం ఎడం కల్పించుకొన్నా వాడికి భయం తప్పదని అక్కడ చెప్పారు. ఆ మాట జీవబ్రహ్మల అభేదాన్ని గురించినది, లోకవ్యవహారాన్ని గురించి కాదు. అయినా దాని నుంచి వ్యవహారానికి పనికివచ్చే సంగతి ఒకటి తీసుకోవచ్చు: భయానికి కారణం ఎదుటి మనిషి ఉండటమా, అతనికీ తనకూ నడుమ ఎడం ఉండటమా? పసిబిడ్డ తల్లి ఒడిలో ఉన్నప్పుడు తల్లి రెండవ వ్యక్తే, కాని బిడ్డ భయపడదు. కొత్త ముఖం కనిపిస్తే ఆ ఒడిలోకే మరింతగా ముడుచుకొంటుంది. అదే వల్లిలో శాంతిపాఠంగా గురుశిష్యులు కలిసి చేసే ప్రార్థనలో ఇద్దరినీ కలిపి రక్షించమనీ, కలిపి పోషించమనీ అడిగిన తరువాత చివరికి అడిగేది తమ మధ్య ద్వేషం రాకూడదనే. చదువు మొదలుపెట్టే ముందు ఇద్దరు మనుషులు ముఖ్యంగా కోరుకోవలసినది మేధస్సు కాదు, ఎడం లేకపోవడమని ఆ ప్రార్థనను కూర్చినవారికి తెలుసు.

తెలుగులో ధైర్యం అనేది ఒకరు మరొకరికి చెప్పేది. కష్టంలో ఉన్నవాడి ఇంటికి వెళ్లి వచ్చినవాళ్లు ధైర్యం చెప్పి వచ్చామంటారు. నిజానికి అక్కడ జరిగిన సంభాషణ ఎంత శోధించినా అందులో ధైర్యానికి సంబంధించిన సమాచారమేదీ దొరకదు. ఎప్పుడు వచ్చిందీ, అన్నం తిన్నదీ లేనిదీ, పిల్లలు ఎక్కడున్నదీ మాత్రమే మాట్లాడుకొని ఉంటారు. చెప్పినది ఏదైనా, అందినది ధైర్యం. ఇప్పుడు పత్రికలూ పాఠ్యపుస్తకాలూ విరివిగా వాడే ఆత్మవిశ్వాసం అన్న మాటకు ఈ స్వభావం లేదు. అది లోపల్నుంచి ఊరవలసిన వస్తువులా, లేనివాడిది వాడి లోపమే అన్నట్టుగా వినిపిస్తుంది. నిబ్బరం, గుండెదిటవు, ధైర్యం అనే పాతమాటలు మాత్రం పుచ్చుకోవడానికీ, ఇవ్వడానికీ వీలైనవి.

సంస్కృతంలో ఆనందించడానికి, క్రీడించడానికి వాడే ధాతువు రమ్. ఉపనిషత్తు ఏకాకి విషయంలో లేదని చెప్పినది దీనినే. భగవద్గీతలో ఈ ధాతువు నడక గమనించదగినది. మూడో అధ్యాయంలో ఆత్మలోనే రతిగలవాడికి చేయవలసిన పని అంటూ లేదని చెప్పిన గీత, పదో అధ్యాయంలో భగవంతుని మీద చిత్తం నిలిపినవారు ఒకరికొకరు బోధించుకొంటూ, ఆయన కథలు చెప్పుకొంటూ తృప్తి పొందుతారనీ, రమిస్తారనీ అంటుంది. పదమూడో అధ్యాయానికి వచ్చేసరికి జనసమూహం మీద అరతి, అంటే ఇష్టం లేకపోవడం, జ్ఞానానికి సాధనాలైన గుణాల్లో ఒకటిగా కనిపిస్తుంది. పదో అధ్యాయంలో గుంపుగా కూర్చుని ఆనందించినవారిని పదమూడో అధ్యాయం విడివిడిగా పంపివేసిందా? శంకరులు ఇక్కడ చాలా స్పష్టంగా ఉన్నారు. విడిచిపెట్టవలసినది సంస్కారమూ వినయమూ లేనివారి గుంపునే గాని సంస్కారం గలవారి సభను కాదని, అది జ్ఞానానికి ఉపకరిస్తుందని ఆయన వివరించారు. పేరుకే అద్వైతి అనిపించుకొన్న ప్రతివాడూ మనుషులను వదిలించుకోవడమే వైరాగ్యమని చెప్పుకొనే రోజుల్లో ఈ ఒక్క వాక్యం తరచుగా గుర్తుకు తెచ్చుకోదగినది.

సంగం అనే మాటకు రెండు ముఖాలు ఉన్నాయి. గీత రెండో అధ్యాయంలో విషయాలను పదేపదే తలచుకోవడం వల్ల సంగం, సంగం వల్ల కామం, కామం వల్ల క్రోధం పుడతాయన్నప్పుడు దానికి అర్థం అంటుకుపోవడం. అదే మాటకు ముందు సత్ చేరి సత్సంగమైతే అది ఆ అంటుడు విడిపించే ఉపాయమవుతుంది. శంకరుల పేరిట ప్రసిద్ధమైన భజగోవింద స్తోత్రం నిస్సంగత్వానికి మొదటి మెట్టు సత్సంగమే అంటుంది. నారద భక్తిసూత్రాలు మహాత్ముల సాంగత్యం దొరకడం కష్టమనీ, దొరికితే వృథా కాదనీ చెప్పి, ఆ వెంటే దుస్సంగాన్ని అన్ని విధాలా విడిచిపెట్టమని హెచ్చరిస్తాయి. ముల్లును ముల్లుతో తీసినట్టు, సంగం పట్టిన పట్టును సంగంతోనే వదిలించాలన్నది ఈ సంప్రదాయమంతటా ఉన్న ఆలోచన.

తెలుగు భాష ఈ విషయంలో ఏ శాస్త్రం సహాయమూ లేకుండానే ఒక సూక్ష్మమైన సంగతి పట్టుకొంది. పక్కన ఉండే మనిషినీ, పాలలో వేసే చేమిరినీ రెంటినీ తెలుగువారు తోడు అనే అంటారు. తోడబుట్టినవాడు, తోడికోడలు, తోడూనీడా అన్నవి ఒక వైపు. రాత్రి పాలకు తోడు వేయడం, తెల్లవారేసరికి అవి తోడుకోవడం మరో వైపు. కాచిన పాలు వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆరనిచ్చి, నిన్నటి పెరుగు ఒక చెంచాడు వేసి, గిన్నె కదపకుండా ఒక మూల పెడతారు. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు వేస్తే తోడు విరుగుతుంది, చల్లారిపోయాక వేస్తే అవి తోడుకోవు; గిన్నెను మాటిమాటికీ కదిపితే పెరుగు గట్టిపడదు. పెరుగైనది ఆ చెంచాడు కాదు, పాలే. గిన్నెడు పాలు తమ స్వభావంలోనే ఉన్న గట్టిదనాన్ని ఆ చెంచాడు వల్ల పొందాయి. మర్నాడు అదే పెరుగులోంచి ఒక చెంచాడు మరో గిన్నెకు తోడవుతుంది. మనిషి నిబ్బరం బయటినుంచి వచ్చినదా, లోపల్నుంచి వచ్చినదా అన్న వివాదం ఈ గిన్నె ముందు అర్థం లేనిదైపోతుంది. పాలు లేకుండా తోడు వ్యర్థం, తోడు లేకుండా పాలు ఎంతసేపు ఉంచినా తోడుకోవు, విరిగిపోతాయి. ఉపమానాన్ని ఇంతకన్నా సాగదీస్తే తెగిపోతుంది గనుక ఇక్కడ ఆపడం మేలు.

బౌద్ధంలో ఈ తోడుకు పెట్టిన పేరు కల్యాణమిత్రత, అంటే మేలుకోరి మేలు వైపు నడిపించే స్నేహం. సంయుత్త నికాయంలో ఒక ప్రసిద్ధమైన సంభాషణ ఉంది. శాక్యుల దేశంలో ఉన్నప్పుడు శిష్యుడైన ఆనందుడు బుద్ధునితో, బ్రహ్మచర్యంలో, అంటే ధర్మజీవనంలో, సగం కల్యాణమిత్రతేనని తనకు తోచినట్టు చెబుతాడు. సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సవరిస్తాడు. ఎవరి దీపం వారే కావాలని, ఎవరికి వారే శరణమని ఉపదేశించిన బోధకుడే ఇలా అనడం మొదట విడ్డూరంగా తోస్తుంది. మేఘియుడనే భిక్షువు ఉదంతం ఆ విడ్డూరాన్ని తీరుస్తుంది. చాలిక అనే చోట బుద్ధునికి పరిచర్య చేస్తున్న మేఘియుడు, కిమికాలా నది ఒడ్డున ఒక మామిడితోపు చూసి, ధ్యానానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదనుకొన్నాడు. మరో భిక్షువు వచ్చేదాకా ఆగమని, ఇక్కడ తానొక్కడినే ఉన్నానని బుద్ధుడు చెప్పినా వినక మూడుసార్లు అడిగి వెళ్లాడు. ఆ చల్లని తోపులో చెట్టు కింద కూర్చున్న మనిషికి దొరికింది శాంతి కాదు. కోరికల తలపులు, పగ తలపులు, హింస తలపులు గుంపుగా వచ్చి పడ్డాయి. ఆశ్చర్యపోయి సాయంత్రానికి తిరిగి వచ్చిన అతనికి బుద్ధుడు మనసు పక్వం కావడానికి ఐదు సాధనాలు చెప్పాడు. వాటిలో మొదటిది మంచి స్నేహితుడు, మిగిలినవి శీలం, ధర్మసంభాషణ, ప్రయత్నశీలత, ప్రజ్ఞ. మంచి స్నేహితుడున్నవాడికి మిగిలిన నాలుగూ వస్తాయని ఆశించవచ్చని కూడా చెప్పాడు.

ఏకాంతానికి బౌద్ధంలో విలువ లేదని దీని అర్థం కాదు. ఖడ్గమృగం కొమ్ములా ఒంటరిగా సంచరించమని పదేపదే చెప్పే సుత్తం సుత్తనిపాతంలో ఉంది; చిత్రమేమంటే, తెలివీ నడవడీ గల సహచరుడు దొరికితే అతనితో కలిసి నడవమని, దొరకని పక్షంలోనే ఒంటరిగా సాగమని ఆ సుత్తమే సడలింపు ఇస్తుంది. ఏకాంతమంటే కోరుకొని వెళ్లేది, తిరిగి రావడానికి చోటున్నది. ఒంటరితనం కోరకుండా వచ్చి మీద పడేది. మేఘియుడు ఏకాంతం కోరి వెళ్లి ఒంటరితనంలో చిక్కుకొన్నాడు.

ఏకాంతాన్నీ సాంగత్యాన్నీ సరిపుచ్చే ప్రయత్నం రాతిలోనూ జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో బయటపడిన విహారాల నిర్మాణం చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. మధ్యలో రాతి స్తంభాల మండపం, దాని చుట్టూ వరండా, వరండాలోకి తెరుచుకొనే చిన్న చిన్న గదుల వరుసలు. గదిలోకి వెళ్లిన భిక్షువు ఒంటరి. గడప దాటి రెండడుగులు వేస్తే అందరిలో ఒకడు. క్రీ.శ. మూడు, నాలుగవ శతాబ్దాల నాటి ఆ మేస్త్రీలు తమ పనికి తత్త్వమని పేరు పెట్టుకొని ఉండరు గాని, గదికీ మండపానికీ నడుమ వాళ్లు ఉంచిన ఆ రెండడుగుల దూరం చాలా ఆలోచించి ఉంచినదే. పక్షానికోసారి భిక్షువులందరూ ఒకచోట చేరి నియమాల పాఠం వినడం, తప్పు చేసినవాడు దానిని దాచకుండా చెప్పుకోవడం ఆ జీవనంలో విడదీయరాని భాగం. తన తప్పును నలుగురికి చెప్పిన తరువాత కూడా ఆ నలుగురిలోనే కూర్చోగలగడం మనిషికి ఇచ్చే స్థైర్యాన్ని పొగడ్త ఇవ్వలేదు.

ఆధునిక పరిశోధన ఈ విషయానికి అంకెలు చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన సంఘం 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని, ఏటా 8,71,000కు పైగా మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా వేసింది. చుట్టూ మనుషులు తక్కువగా ఉండటాన్నీ, ఉన్నా లేనట్టు అనిపించడాన్నీ ఆ నివేదిక వేర్వేరుగా లెక్కిస్తుంది. మేఘియుని మామిడితోపుకు ఈ విభజన కొత్తది కాదు.

ఇంతవరకు చెప్పినది చదివి సంఘం ఎక్కడున్నా మేలే చేస్తుందనుకొంటే అది పెద్ద పొరపాటవుతుంది. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యలపై ప్రచురించిన గ్రంథంలో, కాథలిక్కుల కన్నా ప్రొటెస్టంట్లలో ఆత్మహత్యలు ఎక్కువని చూపి, కారణం సిద్ధాంతభేదంలో లేదని, ఆ మతసమాజాల్లో మనుషులను కలిపి ఉంచే బంధం బిగువులోని తేడాయే కారణమని వాదించాడు. ఆయన లెక్కలపై తరువాత విమర్శలు వచ్చాయి. కాని ఆయన అదే పుస్తకంలో చెప్పిన రెండో సంగతిని సత్సంగాన్ని పొగిడేవారు సాధారణంగా ఉదహరించరు: బంధం మరీ వదులైతే మనిషి ఎలా చనిపోతాడో, మరీ బిగిస్తే, తనకంటూ చోటే లేనంతగా సమూహంలో కలిసిపోతే, అలాగే చనిపోతాడు.

బంధం మోతాదుతోపాటు అది ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతుందన్నది కూడా చూడవలసిందే. ఊరి రచ్చబండ మీద నలుగురూ కూర్చుని కష్టసుఖాలు చెప్పుకొన్న రోజుల్ని తలచుకొని మురిసిపోయే వ్యాసాలు తెలుగులో కొల్లలు. ఆ బండ మీద కూర్చోవడానికి ఎవరికి వీలుండేది, ఎవరు దూరంగా నిలబడి చేతులు కట్టుకొని మాట్లాడవలసి వచ్చేది అన్న ప్రశ్న ఆ వ్యాసాల్లో అరుదు. గుర్రం జాషువా 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యంలో అస్పృశ్యుడైన కథానాయకుడు తన గోడు ఒక గబ్బిలానికి చెప్పుకొని, దానిని శివుని చెవిన వేయమని వేడుకొంటాడు. తనకు నిషిద్ధమైన గుడిలోకి గబ్బిలం స్వేచ్ఛగా వెళ్లగలదు గనుక దానిని దూతగా ఎంచుకొన్నాడు. చుట్టూ ఊరు నిండా మనుషులున్న చోట ఒక మనిషికి వినేవాడు దొరకక తలకిందులుగా వేలాడే ప్రాణికి చెప్పుకోవలసిరావడం కన్నా ఒంటరితనానికి నిర్వచనం మరొకటి ఉండదు. ఇతడు జనం లేని చోటున ఒంటరి కాడు, జనం ఉన్నందువల్లనే, వాళ్లు గీసిన గీత వల్లనే ఒంటరి. తైత్తిరీయం కొంచెపు ఎడమే భయానికి మూలమంటే, దానిని వల్లించిన సమాజం వీధుల నడుమ ఎంత ఎడం ఉంచిందో లెక్కవేసినవారు తక్కువ. అంబేద్కర్ 1936లో రాసిన కులనిర్మూలన గ్రంథంలో సోదరభావానికి ప్రజాస్వామ్యమని మరో పేరు పెట్టి, ఆ తరువాత తన జీవిత చివరి దశలో బుద్ధుని గురించీ ఆయన ధర్మం గురించీ రాసిన గ్రంథంలో మైత్రికి అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. నలుగురిలో ఒకడిగా లెక్కకు రాని మనిషికి సత్సంగం గురించి చెప్పడం ఆకలితో ఉన్నవాడికి ఉపవాస మహిమ చెప్పినట్టుంటుంది.

అందువల్ల ఒక సంఘం తన సభ్యులకు నిబ్బరం ఇస్తోందా లేదా అన్నది అది ఉత్సవాలు ఎంత ఘనంగా జరుపుకొంటోందో చూసి చెప్పలేము. దానికి ఏ పనికీ రానివాడు దానిలో ఎలా బతుకుతున్నాడో చూడాలి. బౌద్ధ భిక్షువుల నియమగ్రంథమైన వినయపిటకంలోని మహావగ్గంలో ఈ పరీక్షకు సరిపోయే ఘట్టం ఒకటి ఉంది. ఒక భిక్షువు కడుపు జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. విహారంలో గదులన్నీ తిరిగి చూస్తూ ఆనందునితో కలిసి అటు వచ్చిన బుద్ధుడు, నీకు సేవ చేసేవారు లేరా అని అడిగాడు. లేరని, తాను మిగిలిన భిక్షువులకు ఎన్నడూ ఏమీ చేయలేదు గనుక వాళ్లు తనను పట్టించుకోవడం లేదని రోగి చెప్పాడు. ఆ జవాబులో ఫిర్యాదు లేదు, అది న్యాయమేనని అతడే నమ్మినట్టుంది. అతని దయనీయత రోగంలో కన్నా ఆ నమ్మకంలోనే ఎక్కువ. బుద్ధుడు ఆనందుని నీళ్లు తెమ్మన్నాడు. తాను నీళ్లు పోస్తుంటే ఆనందుడు అతనిని కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టుకొని లేపి మంచం మీద పడుకోబెట్టారు.

తరువాత బుద్ధుడు భిక్షువులందరినీ పిలిపించి, ఇల్లు విడిచి వచ్చిన మీకు ఇక్కడ సేవ చేయడానికి తల్లీ లేదు, తండ్రీ లేడు, మీలో మీరే చూసుకోకపోతే మరెవరు చూస్తారని అడిగాడు. తనకు సేవ చేయదలచినవాడు రోగికి సేవ చేయాలన్నాడు. అంతటితో వదలక ఒక వరుస కూడా పెట్టాడు: ఉపాధ్యాయుడుంటే అతడు, లేకపోతే ఆచార్యుడు, లేకపోతే శిష్యుడు, లేకపోతే తోటి శిష్యుడు కోలుకొనేదాకా చూసుకోవాలి, వీరెవరూ లేనివాడిని సంఘమంతా చూసుకోవాలి, చూసుకోకపోతే ఆ దోషం సంఘానిది. ఆ వరుసలో ఎక్కడా రోగి ఇదివరకు ఎవరికి ఏమి చేశాడన్న ప్రశ్న లేదు.